వరుస లేని దుఃఖం: టీనేజ్ ప్రేమకథల వెనుక ఉత్తర తెలంగాణ చరిత్ర

వరంగల్, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల యువకులు కొన్నేళ్లుగా తీస్తున్న లఘుచిత్రాల్లోనూ యూట్యూబ్ పాటల్లోనూ ఒక కథ పదేపదే కనిపిస్తుంది. ఇంటర్ చదివే పిల్ల, అదే బస్సెక్కే పిల్లగాడు, వాళ్ల మధ్య పుట్టిన తొలిప్రేమ, ఆ తరువాత ఇద్దరిలో ఒకరి మరణం. కథ సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. బతికి ఉన్న మనిషి మర్నాడు ఎట్లా లేచింది, ఎవరి ముందు ఏడ్చింది, కాలేజీలో ఆ ఖాళీ బెంచీ పక్కన ఎట్లా కూర్చుంది అన్న సంగతులు తెర మీదికి వచ్చేది చాలా అరుదు. దీన్ని రచయితల చేతగానితనం అనుకుంటే పొరపాటు. పెండ్లి వయసు, కాలేజీ చదువు, చావు కర్మలు, ఉద్యమాల పాట, సినిమా అలవాట్లు కలిసి ఈ మౌనాన్ని దశాబ్దాలుగా పెంచుతూ వచ్చాయి.

మొదట తొలిప్రేమకు ఒక వయసు ఉండాలి. మన ఊళ్లలో ఆ వయసు చాలాకాలం లేదనే చెప్పాలి. బాల్యం నుంచి నేరుగా కాపురంలోకి పంపే కాలంలో, ఒకరిని ఇష్టపడి, దాచుకుని, దిగులుపడే వ్యవధి ఆడపిల్లకు దక్కేది కాదు. బాల్యవివాహాలను అడ్డుకోవడానికి 1929లో వచ్చిన శారదా చట్టం బ్రిటిష్ ఇండియాకు పరిమితమైంది. నిజాం ఏలుబడిలో ఉన్న ఈ జిల్లాలు దాని పరిధిలోకి రాలేదు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత, 1955 నాటి హిందూ వివాహ చట్టం పిల్లకు 15, పిల్లవానికి 18 ఏళ్లను కనీస వయసుగా పెట్టింది. 1978లో చేసిన సవరణతో అవి 18, 21 అయ్యాయి. చట్టం రాగానే ఊళ్లు మారలేదు. అయినా పెండ్లి రెండేళ్లో మూడేళ్లో వెనక్కి జరిగిన ప్రతి ఇంట్లో ఒక కొత్త వయసు పుట్టింది.

ఆ వయసుకు ఒక చోటు దొరికింది జూనియర్ కాలేజీలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ బోర్డు 1971లో ఏర్పడింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. పరకాల, నర్సంపేట, జనగామ, హుజూరాబాద్, మంథని వంటి పట్టణాలకు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఆర్టీసీ బస్సులో రావడం మొదలైంది. అమ్మానాన్నల కన్నూ కులపెద్దల కన్నూ పడని గంట ఒకటి వాళ్లకు దినచర్యలో భాగమైంది. ఈనాటి టీనేజ్ ప్రేమకథకు మూలమైన దృశ్యాలన్నీ, కిటికీ పక్క సీటు, రికార్డు పుస్తకంలో పెట్టిన చీటీ, బస్టాండులో ఎదురుచూపు, ఈ ప్రయాణంలోంచి వచ్చినవే. ప్రేమించుకోవడానికి చోటు ఈ విధంగా ఏర్పడింది కానీ, ఆ ప్రేమ పోతే ఏడవడానికి చోటు మాత్రం ఏర్పడలేదు.

ఈ మాట అర్థం కావాలంటే మన దగ్గర చావును ఎట్లా జరుపుకుంటారో చూడాలి. మూడో రోజు, ఐదో రోజు పిట్టకు, అంటే కాకికి, అన్నం పెడతారు. పదకొండో రోజు దినం చేస్తారు. ఏటా పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పెద్దల పేరున బియ్యం ఇస్తారు. ఈ కర్మల్లో ప్రతి మనిషికీ ఒక స్థానం ఉంటుంది. కొడుకు చేయవలసింది వేరు, అల్లుడు తేవలసింది వేరు, ఆడబిడ్డ రావలసిన సమయం వేరు. ఏడుపులోనూ ఇదే పద్ధతి నడుస్తుంది. మన ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చేటప్పుడు మొదట పిలిచేది చనిపోయిన మనిషితో తమకున్న వరుసను: ఓ కొడుకా, ఓ అవ్వా, ఓ తమ్ముడా. ఆ పిలుపు వెంబడే చనిపోయినవారి మంచితనం, పడ్డ కష్టం, వెనుక మిగిలినవారి గతి వరుసగా వస్తాయి. బుడగజంగాల కళాకారులు దినం నాడు వచ్చి పాడేటప్పుడు కూడా బంధువులను ఒక్కొక్కరినీ పేరుపేరునా తలచి, వారి తరఫున దుఃఖాన్ని పలికిస్తారు.

పద్దెనిమిదేళ్ల పిల్లగాడు చనిపోయినప్పుడు, అతన్ని ప్రేమించిన పిల్ల ఈ శోకంలో ఏ పిలుపుతో చేరగలదు? ఆమె భార్య కాదు, మరదలు కాదు, చుట్టం కాదు. ఆ ఇంటి వాకిట్లోకి వస్తే ఆమె ఎవరన్న ప్రశ్న పుడుతుంది; ఆ ప్రశ్నకు జవాబు చెబితే చనిపోయిన పిల్లవాని పరువు, బతికున్న పిల్ల భవిష్యత్తు, రెండు ఇండ్ల మర్యాద ఒక్కసారిగా బజారున పడతాయని అందరూ భయపడతారు. కులాలు వేరైతే ఆ భయం ప్రాణభయమే. పైగా పెండ్లి కానివారు పోతే చాలా ఇండ్లలో కర్మలను కుదించి ముగిస్తారు కనుక, ఊరు ఏడ్చే రోజులు కూడా తక్కువే. సమాజం గుర్తించని బంధం తెగిపోయినప్పుడు ఆ దుఃఖానికీ గుర్తింపు దక్కదని అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. ఆయన మాటల్లో ఉన్నది మన వాకిట్లో ఏనాటి నుంచో జరుగుతున్నదే. పెత్రమాస సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున అతని పేరున బియ్యం ఇచ్చే హక్కు లేని పిల్ల, సాయంత్రం చీర కట్టి తోటివారితో చప్పట్లు కలపవలసిందే; కలపకపోతే ఎందుకని అడుగుతారు.

దాచడం అనేది మరణానికి కారణం చెప్పడంలోనూ ఉంది. జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి యువతీయువకుల ఆత్మహత్యల వార్తల కింద కడుపునొప్పి భరించలేక అన్న మాట అచ్చయ్యేది. అన్ని సందర్భాల్లోనూ అది అబద్ధమని అనలేము. అయితే ఇంటివాళ్లు ఇచ్చిన ఆ కారణాన్ని పోలీసులూ విలేకరులూ ప్రశ్నించకుండా వదిలేయడంలో కొంత దయ, కొంత పిరికితనం కలిసి ఉండేవి. కారణమే మాయమైన చోట, దుఃఖించే రెండో మనిషి కూడా మాయమవుతుంది.

విచిత్రమేమిటంటే, యువకుల మరణాన్ని పాటగా మార్చడంలో ఉత్తర తెలంగాణను మించిన నేల తెలుగునాట లేదని నా అభిప్రాయం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసీల మీద జరిగిన పోలీసు కాల్పుల తరువాత అక్కడ స్తూపం లేచింది. ఆ దశాబ్దంలోనూ తరువాతి దశాబ్దంలోనూ ఎన్‌కౌంటర్లలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల కోసం ఈ జిల్లాల్లో ఎన్నో పాటలు పుట్టాయి. 2009 తరువాతి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థుల కోసం కాలేజీ మైదానాలే శోకసభలయ్యాయి. ఆ పాటలన్నిటిలో తల్లి ఉంది, ఊరు ఉంది, మట్టి ఉంది. చనిపోయినవాడు ఎవరినైనా ప్రేమించాడా, ఆ మనిషి ఏమైంది అన్న ఊసు మాత్రం వాటిలో ఎప్పుడో ఒకసారి తప్ప రాదు. ఆశయం కోసం పోయిన యువకునికి ఊరంతా బంధువైంది. ప్రేమ మిగిల్చిన దుఃఖానికి ఊరు బంధువు కాలేదు.

సినిమా ఈ లోటును పూరించగలిగేది. అది మరో దారి పట్టింది. శరత్‌చంద్ర చటర్జీ 1917లో ప్రచురించిన బెంగాలీ నవల ఆధారంగా 1953లో వచ్చిన తెలుగు ‘దేవదాసు’లో, అతడు వచ్చి చనిపోయేది పార్వతి మెట్టినింటి ముందు; పరుగున వచ్చే ఆమెను గడప దాటనివ్వరు. దుఃఖించే హక్కు లేని మనిషి బొమ్మ మన తెర మీద ఇంత బలంగా పడటం అదే మొదలు కావచ్చు. అయినా ప్రేక్షకులు తరతరాలుగా గుర్తుంచుకున్నది దేవదాసు సీసానే కానీ పార్వతి గడపను కాదు. పెండ్లి వయసు సవరణ జరిగిన 1978లోనే విడుదలైన ‘మరో చరిత్ర’ విశాఖ తీరంలో యువజంటనిద్దరినీ చంపి ముగిసింది. ఇద్దరూ పోతే ఏడ్చేవారు మిగలరు, వారి తరువాతి జీవితం చెప్పవలసిన పని రచయితకు ఉండదు. 1989 నాటి ‘గీతాంజలి’ ఈ కోవకు చెందదు. చావు తప్పదని ఇద్దరికీ ముందే తెలిసినా, ఆ చిత్రం మరణాన్ని చూపించకుండా మిగిలిన రోజుల మీద మనసు పెట్టింది. ఆ పద్ధతిని అందుకున్నవారు తక్కువ. 2000లో ‘చిత్రం’ విజయం తరువాత టీనేజ్ ప్రేమ మార్కెట్‌లో ఒక రకంగా స్థిరపడింది. అయితే అందులో పెద్దల మీద గెలవడమే ప్రధానమైంది, పోగొట్టుకోవడం కాదు.

ఇద్దరి చావుతో ముగించే పద్ధతిని గురించి ఇక్కడ కొంచెం నిలిచి చెప్పాలి. 1774లో వెలువడిన జర్మన్ రచయిత గేటే నవల చదివిన యువకులు అందులోని కథానాయకుని మరణాన్ని అనుకరించారన్న ఆందోళన యూరప్‌లో అప్పుడే రేగింది. పత్రికల్లో ఆత్మహత్యల ప్రచారానికీ ఆపై పెరిగే సంఖ్యకూ సంబంధం ఉందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ 1974లో చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటక రంగాల వారి కోసం ప్రత్యేకంగా సూచనలు వెలువరించింది: చనిపోయే పద్ధతిని చూపవద్దు, చావును పరిష్కారంగా చిత్రించవద్దు, కష్టం దాటి బతికిన మనుషులను చూపాలి. పదహారేళ్ల ప్రేక్షకుల కోసం రాసేవారు దీన్ని అడ్డంకిగా భావించనవసరం లేదు. బతికిన మనిషిని చూపమంటే, మన కథల్లో ఇన్నాళ్లూ లేని ఆ రెండో సగాన్ని రాయమనే.

2023 మార్చి ఒక్క నెలలోనే వచ్చిన రెండు చిత్రాలు మన ప్రాంతపు చావును తెర మధ్యలోకి తెచ్చాయి. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ పిట్ట ముట్టుడు (పెట్టిన అన్నాన్ని కాకి ముట్టడం) చుట్టూ కుటుంబాన్నంతటినీ కూర్చోబెట్టింది. దుగ్గొండి కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చివర పాడిన పాట ఊరూరా జనాన్ని ఏడిపించింది. సింగరేణి గనుల నేపథ్యంతో వచ్చిన ‘దసరా’లో తొలిప్రేమా మరణమూ రెండూ ఉన్నాయి, కానీ అక్కడ దుఃఖించే అమ్మాయికి మెడలో తాళి ఉంది కనుక ఊరు ఆమెను విధవగా గుర్తించింది, ఆ గుర్తింపులోని క్రూరత్వాన్ని కూడా ఆ సినిమా చూపించింది. మొదటిది తాత మరణం, రెండోది భర్త మరణం. తాళి లేని దుఃఖం రెండింటికీ బయటే ఉంది.

ఆ దుఃఖం పాటలోకి చేరింది. లవ్ ఫెయిల్యూర్ పాటలుగా యూట్యూబ్‌లో మారుమోగుతున్న మన ప్రాంతపు జానపదాలను పెద్దలు చిన్నచూపు చూస్తారు. నేను అట్లా చూడలేను. వాటిలో చాలా పాటలు చవకబారువే, అమ్మాయిని నిందించడంతోనే సరిపెట్టేవి కూడా ఉన్నాయి. అయినా వాటిలోని పిలుపులను వినాలి: బావా, మరదలా, మామా. మేనరికం నడిచిన సమాజంలో ఈ పిలుపులు ప్రేమకు అనుమతి ఉన్న వరుసలు. ఏ చుట్టరికమూ లేని పిల్లగాణ్ని బావా అని పిలిచి, మన ఏడుపు రాగానికి దగ్గరి బాణీలో ఆమె పాడుతున్నప్పుడు, వాకిట్లో దొరకని స్థానాన్ని పాట ఇస్తున్నది.

హన్మకొండలో, జగిత్యాలలో కెమెరా పట్టిన కొత్త తరానికి ఈ సామగ్రి అంతా అందుబాటులో ఉంది. చట్టపరంగా ఒక చిక్కు మాత్రం తెలిసి ఉండాలి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది కనుక, ఇంటర్ ప్రేమను చిత్రించేటప్పుడు హద్దులు అవసరం. దుఃఖానికి ఆ హద్దులు లేవు. జనవరిలో స్నేహితుణ్ని పోగొట్టుకున్న పిల్ల మార్చిలో సెకండ్ ఇయర్ పరీక్షలు రాయడానికి వెళ్లే దారి, అంతా తెలిసి కూడా నోరు విప్పని చెల్లె, ఏమీ అడగకుండా రాత్రి పక్కన పడుకునే నాయనమ్మ, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయమని చెప్పే లెక్చరర్, ఎండాకాలంలో వచ్చే పెండ్లిచూపులు: ఈ క్రమంలో నడిచే ఒక గంటన్నర కథ తీయడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.