రొంటిన దోపుకునే తెరచాప: పారావింగ్ గురించి అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని ఒరెగాన్‌లో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాను. వారమంతా ఆఫీసు, శనివారం పొద్దున్నే కొలంబియా నది కొండలను చీల్చుకుపోయే లోయ, కొలంబియా గోర్జ్. గాలి నింపి చేత్తో పట్టుకునే తెరచాపను వింగ్ అంటారు, దానితో 2021 నుంచి ఫాయిల్ బోర్డు మీద తిరుగుతున్నాను. 2024 చివర్లో పారావింగ్ చేతికొచ్చింది. అప్పటి నుంచి వింగ్ ఎక్కువగా కారు డిక్కీలోనే పడి ఉంటోంది. ఈమధ్య మనవాళ్ళు కూడా నలుగురైదుగురు నదికి వస్తున్నారు. వాళ్ళు అడిగేవి, వీడియోలు చూసి ముందే నమ్మేసినవి కొన్ని ఉన్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవాళ్ళకు రెండు ముక్కలు. ఫాయిల్ బోర్డు కింద పొడవాటి మాస్ట్, దాని అడుగున విమానం రెక్కలాంటిది ఉంటాయి. కొంత వేగం అందుకోగానే బోర్డు నీటిని వదిలి పైకి లేస్తుంది. అక్కడి నుంచి కెరటం వాలు మీద జారుతూ పోవచ్చు, దానికి గాలితో పని లేదు. కానీ ఆ మొదటి లేపుడికి ఏదో ఒక బలం కావాలి. పారావింగ్ ఇచ్చేది ఆ బలమే. లేచాక దాన్ని మూట కట్టి దోపుకుని కెరటాల మీద జారతాం, మళ్ళీ బలం కావాల్సినప్పుడు తెరుస్తాం. పారాగ్లైడర్ గుడ్డను ఒంటిపొరగా కుట్టి, సన్నటి దారాలతో మూరెడు బార్‌కు కట్టినట్టు ఉంటుంది. హవాయిలోని మౌయీ దీవికి చెందిన బీఆర్ఎమ్ (బోర్డ్‌రైడింగ్ మౌయీ) సంస్థ 2024లో 'మలికో' పేరుతో దీన్ని తెచ్చాక ఓజోన్, ఫ్లైసర్ఫర్ లాంటి కంపెనీలన్నీ ఆ దారి పట్టాయి. మలికో అన్నది అక్కడ డౌన్‌విండ్ వాళ్ళు, అంటే గాలివాటున కెరటాల మీద జారుతూ పోయేవాళ్ళు, నీళ్ళలోకి దిగే చోటు పేరు. పనిముట్టు దేనికోసం పుట్టిందో ఆ పేరే చెబుతోంది.

అపోహ: ఇది బుల్లి కైట్

దారాలున్నాయి కాబట్టి అలా అనిపిస్తుంది. కైట్ అంటే నీళ్ళ మీద మనిషిని బోర్డుతో లాగే పెద్ద గాలిపటం, దాని దారాలు మామూలుగా 20 మీటర్ల పైమాటే. అది ఆకాశంలో ఊగుతూ సొంతంగా వేగం పుట్టించుకుని మనిషిని ఎత్తి పారేయగలదు. పారావింగ్ దారాలు ఇంచుమించు మన ఎత్తే. తలకు కాస్త పైన, ఒక పక్కగా నిలబడి లాగుతుంది, అంతే. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్ళకు ఒక సంగతి వెంటనే అర్థమవుతుంది. సూత్రం ఎక్కడ కట్టామన్నదాన్ని బట్టే పటం నిలబడ్డమో గిరికీలు కొట్టడమో జరుగుతుంది. ఇక్కడ ముందు దారాలకూ వెనక దారాలకూ మధ్య తేడా చేసే పనీ అదే. వెనక చెయ్యి లాగితే బలం, వదిలితే సడలింపు.

అపోహ: పంపు కొట్టక్కర్లేదు, కాబట్టి కొత్తవాళ్ళకు ఇదే తేలిక

కాదు. ముందు వింగ్‌తో ఫాయిల్ నేర్చుకోండి. గాలి నింపిన వింగ్ నీళ్ళలో పడితే తేలుతుంది, పట్టుకుని ఊపిరి పీల్చుకోవచ్చు. గాలి చాలనప్పుడు చేతులతో ఊపి కాస్త అదనపు బలం తెచ్చుకోవచ్చు. పారావింగ్‌లో ఈ రెండూ ఉండవు. ఊపితే గుడ్డ ముడుచుకుంటుంది, పడితే తడుస్తుంది. కాళ్ళ కింద ఫాయిల్ ఏం చేస్తోందో చూడకుండానే తెలిసే స్థితికి వచ్చినవాళ్ళకే దీని అసలు రుచి తెలుస్తుంది.

అపోహ: ఒక్క లాగుడుకి మూట, ఒక్క విసురుకి రెక్క

అందరూ పడే చోటు ఇదే. మొదటిసారి నా చేతిలో చూసిన ఒక తమ్ముడు, "అన్నా, ఇంతేనా? జేబురుమాలులా ఉందే" అన్నాడు. బరువు కిలోకి అటూఇటూ, కాబట్టి అతని తప్పేమీ లేదు. అదే తమ్ముడు మధ్యాహ్నానికి నది మధ్యలో తడిసిన పంచె కాళ్ళకు చుట్టుకున్నవాడిలా కూర్చున్నాడు.

మూట కట్టడానికి ఒక వరస ఉంది. ముందు కెరటం మీద స్థిరపడాలి. ఫాయిల్ తనంతట తాను జారుతోందని నమ్మకం కుదిరాకే వెనక చెయ్యి వదలాలి. తర్వాత రంగు గుర్తుతో వేరుగా కనిపించే ముందు దారాలను మధ్యలో పట్టుకుని ఒంటివైపు లాగాలి. గుడ్డలో గాలి పోయి జెండాలా రెపరెపలాడుతుంది. అప్పుడు చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు గుప్పిట గుప్పిటగా అంచు నుంచి పోగేసుకుంటూ రావాలి. చివరికి గుడ్డ, దారాలు, బార్ అన్నీ ఒకే గుప్పిట్లోకి చేరతాయి. దాన్ని బెల్టులో దోపుకోవచ్చు, లేదా చంకలో నొక్కి పట్టుకోవచ్చు. దారాలు వేలాడితే మాత్రం మళ్ళీ తెరిచేటప్పుడు చిక్కు ఖాయం. నాకు ఆ వరస చేతులకు పట్టడానికి ఒక వేసవి పట్టింది. ఇంటి వెనక గడ్డి మీద నిలబడి సాయంత్రాలు సాధన చేశాను. పక్కింటాయన కుక్కను తిప్పుతూ కాసేపు చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు.

తెరవడం ఇంకా తిరకాసు. వీడియోల్లో ఎవరూ సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది. గాలి 20 నాట్లు (గంటకు సుమారు 37 కిలోమీటర్లు) వీస్తోందనుకుందాం. మీరు గాలివాటున 15 నాట్ల వేగంతో జారుతున్నారు. మీకు, మీ గుడ్డకు వెనక నుంచి తగిలే గాలి అయిదు నాట్లే. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి నిలబడి ఉన్నప్పటితో పోలిస్తే దొరికేది పదహారో వంతు. అక్కడ విసిరితే గుడ్డ తెరుచుకోదు, నెత్తిన ముసుగేస్తుంది. తెరవాలంటే ముందు బోర్డును గాలికి అడ్డంగా తిప్పాలి. అలా తిప్పిన క్షణంలో గాలి చెంపకు తగులుతుంది, అదే గుర్తు. అప్పుడు బార్ పట్టుకుని ముందు అంచు పైకి ఉండేలా గుడ్డను గాలి దిగువకు వదిలి, అది నిండేదాకా ఒక్క సెకను ఆగి, ఆ తర్వాతే వెనక చెయ్యి లాగాలి. ఆ ఒక్క సెకను ఆగలేకే సగం మంది పడతారు.

నీళ్ళలో పడితే పని అయిపోయినట్టేనని ఇంకొందరు బెదరగొడతారు. అదీ నిజం కాదు, కాకపోతే ఓపిక కావాలి. ఒంటిపొర గుడ్డ నీటికి అతుక్కుంటుంది, మధ్యలో నీళ్ళు నిలిచి బకెట్ అవుతుంది. బార్ లాగుతూ కుస్తీ పట్టకండి. ఒక చివర పట్టి ఎత్తితే నీళ్ళు జారిపోతాయి. తర్వాత ముందు అంచును నడుమ పట్టుకుని గాలిలో జెండాలా పదీ పదిహేను సెకన్లు ఆరనివ్వండి. కాస్త తేలికపడ్డాక విసిరితే లేస్తుంది. గాలి బాగా పడిపోయిన రోజు మాత్రం ఈ పప్పులేవీ ఉడకవు.

అపోహ: ఒక సైజు పెద్దది కొంటే బెంగ ఉండదు

నా బరువు 78 కిలోలు. 20 నాట్ల గాలికి నేను తీసేది నాలుగు చదరపు మీటర్లది. పాత వింగ్ కూడా ఇంచుమించు అంతే. కానీ ఆ గాలి 14కు పడితే వింగ్‌ను ఊపి ఎలాగో లేస్తాను, పారావింగ్‌తో లేవలేను. అటు 28 దాటితే వింగ్‌ను ముందు హ్యాండిల్ పట్టుకుని ఊరికే గాలికి వదిలేయొచ్చు. పారావింగ్ వెనక చెయ్యి వదిలినా కొట్టుకుంటూ కొంత లాగుతూనే ఉంటుంది. అంటే పనిచేసే గాలి హద్దులు ఇరుకు.

మరి పెద్దది కొంటే? పెద్ద గుడ్డ గుప్పిట్లో ఇమడదు. మూట కట్టలేని పారావింగ్ దేనికి? బలం కావాల్సింది ఆ లేచే కొద్ది క్షణాలకే. కాబట్టి డబ్బు గుడ్డ మీద కాదు, బోర్డు మీద పెట్టండి. ఏడడుగుల పొడవు, 20 అంగుళాల లోపు వెడల్పు ఉన్న డౌన్‌విండ్ బోర్డు తక్కువ బలానికే నీటిని వదులుతుంది. పొట్టి బోర్డు నుంచి దానికి మారాక ఒక సైజు చిన్న గుడ్డతోనే లేవడం మొదలుపెట్టాను.

అపోహ: ఎదురుగాలికి అస్సలు పోదు

మొదట్లో వచ్చినవాటిలో కొన్ని నిజంగానే బాధపెట్టేవి. ఇప్పటివి నడుముకు హార్నెస్ (లాగుడు బరువును మోసే పట్టీ) తగిలించుకుని, మంచి ఫాయిల్ మీద ఉంటే గాలికి ఎదురుగా ఏటవాలుగా బాగానే ఎక్కుతాయి. వింగ్ అంత తేలిగ్గా కాదు, గాలి ఎగుడుదిగుడుగా ఉంటే ముందు అంచు ముడుచుకునే చిరాకూ ఉంది. రోజంతా అటూ ఇటూ గీతలు గీయడమే మీ సరదా అయితే వింగే ఉంచుకోండి, ఇది కొనకండి.

అపోహ: గుడ్డే కదా, ప్రమాదమేముంది

నేను ఎక్కువగా చేసేది వియెంటో రన్. వియెంటో స్టేట్ పార్క్‌లో దిగి హుడ్ రివర్ ఊళ్ళో తేలడం, సుమారు ఎనిమిది మైళ్ళు. వేసవిలో తూర్పు ఎడారి వేడెక్కితే పడమటి సముద్రపు చల్లగాలి కాస్కేడ్ కొండల మధ్య ఉన్న ఈ ఒక్క సందులోంచి దూసుకుపోతుంది. నది పారేది పడమరకు, గాలి వీచేది తూర్పుకు. ఆ రెండూ ఢీకొనే చోటే కెరటాలు నిటారుగా లేస్తాయి. ఇక్కడ గాలివాటున పోవడమంటే ఏటికి ఎదురెళ్ళడమే!

ఈ అమరికలో ఒక తిరకాసు ఉంది. గాలి ఉన్నంతసేపూ మీరు హుడ్ రివర్ వైపు పోతుంటారు. గాలి పడిపోతే నది మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. ఒడ్డున ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి లేదు, రెండు పక్కలా రైలు పట్టాలూ రోడ్లూ రాళ్ళ కట్టలూ. నది మధ్యలో బార్జ్‌లనే సరుకు పడవలను తోసుకొచ్చే టగ్ పడవలు తిరుగుతాయి, అవి మీ కోసం ఆగలేవు. ఏప్రిల్లో నీళ్ళు 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి, ఆగస్టులో 20 దాటతాయి. వీడియోల్లో చొక్కాల్లేకుండా తిరిగేది ఆగస్టువాళ్ళు.

మొదటి ఏడాది మేలో నాకు ఒకటి జరిగింది. దారిలో ఉండే మిచెల్ పాయింట్ దాటాక కెరటం నుంచి జారి పడ్డాను. దోపుకున్న మూట ఊడి నీళ్ళలో వలలా విచ్చుకుంది, రెండు దారాలు ఫాయిల్ మాస్ట్‌కు చుట్టుకున్నాయి. కాళ్ళు కొట్టుకున్నకొద్దీ ఇంకా బిగిశాయి. అది వింగ్ అయితే దాని మీద బోర్లా పడుకుని తీరిగ్గా ఆలోచించేవాణ్ణి. ఇక్కడ తేలేది నా బోర్డూ, నా లైఫ్ వెస్టూ మాత్రమే. చివరికి కాళ్ళు కదపడం మానేసి, బోర్డును తిరగేసి, దారాలను ఒక్కొక్కటే విప్పాను. ఒకటి కోయాల్సి వచ్చింది. అంతసేపట్లో నది నన్ను ఎంత వెనక్కి మోసుకెళ్ళిందో ఒడ్డున చెట్లు చూస్తే గానీ తెలియలేదు.

అప్పటి నుంచి నడుముకు కొక్కెం కత్తి, బోర్డుకు నడుము లీష్ (చేజారకుండా కట్టే తాడు), పారావింగ్‌కు వేరే లీష్, నీళ్ళు చొరబడని సంచిలో ఫోన్ లేకుండా దిగను. దెబ్బ తగలకుండా వేసుకునే వెస్ట్‌లన్నీ మనిషిని తేల్చవు, లేబుల్ చదివి కొనండి. ఒక్క విషయంలో పారావింగే మేలు. గాలి పూర్తిగా చచ్చిపోతే మూటను దోపుకుని, పొడవాటి బోర్డు మీద బోర్లా పడుకుని రెండు చేతులా తెడ్డేయొచ్చు. వింగ్ ఉంటే దాన్ని ఈడ్చుకుంటూ పోవాలి.

అపోహ: నదిలో వచ్చిందంటే సముద్రపు అలల్లోనూ వచ్చినట్టే

నది కెరటం విరగదు, సముద్రపు అల విరుగుతుంది. తేడా అంతా అక్కడే. వేసవిలో ఒరెగాన్ తీరం వెంట ఉత్తర, వాయవ్య గాలులు వీస్తాయి. వాటి సాయంతో అలలు లేచే చోటికి చేరడం, అల దొరకగానే మూట కట్టి రెండు చేతులూ ఖాళీగా దాని మీద మలుపులు తిరగడం గొప్ప అనుభవమే. వింగ్ పట్టుకుని అల ఎక్కితే వీపు వెనక ఎవరో చొక్కా పట్టుకున్నట్టుంటుంది, ఇక్కడ ఆ చెయ్యి లేదు. అయితే అల అయిపోయాక మీరుండేది ఒడ్డుకు దగ్గర్లో, నురగ మధ్యలో. తర్వాతి అల విరిగేలోపు తెరిచి బయటపడాలి. తడి గుడ్డతో, దారాలతో నురగలో చిక్కుకుంటే నది మీది తప్పులన్నీ ముద్దుగా కనిపిస్తాయి. అందుకే అల చివరిదాకా సాగదీయకుండా, వేగం ఉండగానే పక్కకు తప్పుకుని తెరుస్తాను. తీరం నుంచి సముద్రం వైపు గాలి వీచే రోజు మాత్రం అసలు దిగను.

అపోహ: నీళ్ళలో ఆడే గుడ్డే కదా, ఎలా పడేసినా ఏం కాదు

పలచటి నైలాన్. ఎండ, ఉప్పు, ఇసుక మూడూ దీనికి శత్రువులే. మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, దారాలు బార్‌కు చుట్టి అప్పుడే సంచిలో పెట్టాలి. మా అమ్మ కాకినాడ నుంచి వచ్చినప్పుడు బాల్కనీలో ఆరేసిన నాలుగు మీటర్లదాన్ని తీసి, పట్టుచీరలా నలుచదరంగా మడతపెట్టి, దారాలను లోపలికి దోపి బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టింది. వెతుక్కోవడానికి ఒక పూట, చిక్కు తీయడానికి నలభై నిమిషాలు. "ఇన్ని తాళ్ళెందుకురా దీనికి, కత్తిరించేద్దామనుకున్నా" అంది.