వెనక పలకకు బిగిస్తే పనయిపోతుందా? అవుట్‌బోర్డ్ మార్పిడిపై అపోహలు, వాస్తవాలు

"అన్నా, పాత ఇంజను తీసేశాను. అవుట్‌బోర్డ్ కొన్నాను. మీరు వచ్చి నాలుగు బోల్టులు బిగిస్తే చాలు."

నాగార్జునసాగర్‌లో బోట్ల పని చేసే నాకు ఏటా ఎండాకాలం మొదట్లో ఈ ఫోన్లు మొదలవుతాయి. అవుట్‌బోర్డ్ అంటే బోటు వెనక పలకకు బయట తగిలించే మోటారు. జలాశయం 590 అడుగుల నుంచి దిగుతూ 510 వైపు వెళ్లేకొద్దీ ఒడ్డు ఎక్కడికో జరిగిపోతుంది. నిన్నటిదాకా లోతున్న చోట బండలు తేలుతాయి. లోపలి ఇంజనున్న బోటుకు షాఫ్టు, ప్రొపెల్లర్, చుక్కాని మూడూ అడుగునే ఉంటాయి కాబట్టి మొదటి దెబ్బ వాటికే తగులుతుంది. అవుట్‌బోర్డ్ అయితే పైకెత్తి పెట్టుకోవచ్చు. అంతవరకు ఆ ఆశ సబబే. నాకు పేచీ ఆ నాలుగు బోల్టుల లెక్కతోనే.

లోపలి ఇంజనున్నప్పుడు ప్రొపెల్లర్ తోపుడు షాఫ్టు మీదుగా గేర్‌బాక్సుకు, అక్కడి నుంచి ఇంజను బెడ్డుకు, బెడ్డు కింద పొడవునా సాగే దూలాలకు చేరుతుంది. ట్రాన్సమ్‌కు, అంటే బోటు వెనక పలకకు, ఉన్న పని నీళ్లను బయట ఉంచడమే. కట్టినవాడు దాన్ని ఆ మేరకే కట్టాడు. అవుట్‌బోర్డ్ తగిలించిన క్షణం నుంచి మోటారు బరువు, తోపుడు, గేరు వేసినప్పటి కుదుపు, వెనక్కి నడిపినప్పటి లాగుడు, అన్నీ ఆ ఒక్క పలక మీదే పడతాయి. తడికకు ఊయల కట్టడం లాంటిదే ఇది.

రెండేళ్ల కిందట వైజాగ్ కాలనీ వైపు నుంచి ఒక తమ్ముడు 22 అడుగుల ఫైబర్ బోటు తెచ్చాడు. సెలవు రోజుల్లో చేపల కూర తినడానికి వచ్చేవాళ్లను తిప్పే బోటు. కొత్త 40 హార్స్‌పవర్ మోటారు, బిగించి మూడు నెలలు కూడా కాలేదు. "మోటారులో లోపముంది, ఒకటే వణుకు" అని అతని ఫిర్యాదు. నేను మోటారు కాలు పట్టుకుని పైకి నెట్టాను. దానితోపాటు ట్రాన్సమ్ కూడా కదిలింది! బోల్టులు విప్పితే రంధ్రాల్లోంచి నల్లటి నీళ్లు కారాయి. లోపల ఉన్నది 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ముక్క ఒక్కటే. అదీ నాని, చేత్తో గిల్లితే ఊడివచ్చేలా ఉంది. రంధ్రం వేసినవాడు దానికి సీలెంటైనా పూయలేదు. మోటారులో ఏ లోపమూ లేదు. ఆ తమ్ముడు మాత్రం మోటారుకు పెట్టిన డబ్బులో మూడో వంతు మళ్లీ ట్రాన్సమ్ మీద పెట్టాడు, దసరా సెలవుల రాబడి పోయింది.

అందుకే మోటారు కొనకముందే ట్రాన్సమ్ చూడండి. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టండి. గట్టిగా ఖంగుమంటే మంచిదే, మెత్తగా డొల్లగా పలికిన చోట అనుమానించాలి. లోపలి వైపు నుంచి సన్నని రంధ్రం వేసి పొట్టు చూడండి. పొడిగా, తెల్లగా రావాలి. తడిగా, ముదురు రంగులో వస్తే ఆ చెక్క పనికిరాదు. 40 హార్స్‌పవర్ మోటారైతే 40 మిల్లీమీటర్ల మందానికి తగ్గితే నేను ఒప్పుకోను. మందం ఒక్కటే చాలదు. ట్రాన్సమ్ నుంచి అడుగు దూలాల దాకా త్రికోణపు బ్రాకెట్లు కట్టి ఫైబర్ వేయాలి, అప్పుడే తోపుడు మళ్లీ దూలాలకు చేరుతుంది. బోల్టు రంధ్రాలు పెద్దవిగా వేసి, ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక మళ్లీ సరైన కొలతకు వేసుకోవాలి. ఈ పని నాలుగైదు రోజులు పడుతుంది. నాలుగు బోల్టులు బిగించడం ఆఖరి గంట పని.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ట్రాన్సమ్ ఎత్తు మోటారు కాలి పొడవుకు సరిపోవాలి: షార్ట్ షాఫ్టుకు 15 అంగుళాలు, లాంగ్ షాఫ్టుకు 20, ఎక్స్‌ట్రా లాంగ్‌కు 25. లోపలి ఇంజను బోటు ట్రాన్సమ్ సాధారణంగా ఇంతకంటే ఎత్తుగా ఉంటుంది. దాంతో రంపం తెచ్చి మధ్యలో గాడి కోసేస్తారు. ఈ తప్పు నేనూ చేశాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక బోటుకు 20 అంగుళాలకు కోసి, గాడి ముందు నీళ్లు ఆపే తొట్టె కట్టకుండానే నీళ్లలోకి దింపాను. ఘాట్ దగ్గర ఒక్కసారిగా వేగం తగ్గించేసరికి మా వెనక వస్తున్న మా అలే గాడిలోంచి లోపలికొచ్చింది. ముగ్గురం రెండు బకెట్లతో, ఒక అన్నం గిన్నెతో తోడుకుంటూ ఒడ్డుకు చేరాం. ఆ గిన్నె ఇంట్లో ఇప్పటికీ ఉంది, మా ఆవిడ అవసరమైనప్పుడల్లా గుర్తుచేస్తుంది.

"పాత ఇంజను కంటే అవుట్‌బోర్డ్ తేలిక, కాబట్టి బోటు ఇంకా బాగా తేలుతుంది" అనేది ఇంకో మాట. తేలికే, కాదనను. కానీ ఆ బరువు ఇంతకుముందు ఎక్కడ ఉంది? నడుమ. ఇప్పుడు బోటు చివర వేలాడుతోంది. నడిపే మనిషీ, పెట్రోలు ట్యాంకూ, బ్యాటరీ కూడా అక్కడికే చేరతాయి. ముక్కు లేచి, తోక దిగుతుంది. డెక్కు మీద నీళ్లు పోవడానికి వెనక పెట్టిన రంధ్రాలు నీటి గీత కిందికి పోయి, వాటిలోంచే నీళ్లు లోపలికి వస్తాయి. ట్యాంకును, బ్యాటరీని ముందుకు జరపండి. మార్పిడి తర్వాత మొదటిసారి మనుషుల బదులు ఇసుక బస్తాలతో నడిపి చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. షాఫ్టు తీసిన రంధ్రానికి చెక్క బిరడా కొట్టి పుట్టీ పూస్తే చాలదు. ఫైబర్ మందానికి 12 రెట్లు చుట్టూ వాలుగా గీకి, పొరలు పొరలుగా ఫైబర్ వేయాలి. 6 మిల్లీమీటర్ల మందమైతే చుట్టూ 72 మిల్లీమీటర్లన్న మాట. డీజిల్ ట్యాంకులో పెట్రోలు పోయకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, అది బోటు అడుగున పేరుకుని ఒక్క స్విచ్చు నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. ట్యాంకును ఒడ్డు మీదికి తెచ్చి నింపుకోండి. చుక్కానికి అలవాటుపడ్డవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అవుట్‌బోర్డ్‌లో వేగం పూర్తిగా తగ్గిస్తే తిప్పే శక్తి కూడా దాదాపు పోతుంది. ఘాట్ గోడకు గుద్దుకునేది అందుకే. కిల్ స్విచ్ తాడు, అంటే నడిపేవాడు పడిపోతే మోటారును ఆపే తాడు, మణికట్టుకు కట్టుకోవాలి, హ్యాండిల్‌కు కాదు! రిజిస్టరైన బోటైతే ఇంజను మార్పును అధికారులకు చెప్పి, తనిఖీ చేయించి, పత్రాల్లో రాయించుకోండి. 1917 నాటి చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది, "మా నాన్న కాలంలో ఎవరూ అడగలేదు" అంటే కుదరదు.

2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత, నడిపేవాళ్ల కంటే వాళ్ల ఇళ్లలోనివాళ్లే ఎక్కువగా ఫోను చేస్తున్నారు. "అవుట్‌బోర్డ్ పెట్టిన బోట్లన్నీ తిరగబడతాయట, నిజమేనా?" అని ఒక అమ్మ అడిగింది. ఎవరో పంపిన పుకారు అది. నిజం కాదమ్మా. మీ అబ్బాయిని రెండే అడగండి: ట్రాన్సమ్ విప్పి చూశారా, షాఫ్టు రంధ్రం ఎలా మూశారు? సూటిగా జవాబు చెప్పగలిగితే నిశ్చింతగా పడుకోండి.

చివరిది హార్స్‌పవర్. నీటి గీత దగ్గర 25 అడుగుల పొడవున్న బరువైన బోటు గంటకు సుమారు 12 కిలోమీటర్లు దాటాలంటే తన అలనే తాను ఎక్కాలి. దానికి 10 బదులు 40 పెట్టినా పెరిగేది చప్పుడు, ఖర్చు. పాత డీజిల్ ఇంజను పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పి నెట్టుకుపోతుంది, అవుట్‌బోర్డ్ చిన్నదాన్ని వేగంగా తిప్పుతుంది. బరువు లాగడంలో రెండూ ఒకటి కావు. మొన్న సోమశిల నుంచి వచ్చిన ఒక పెద్దాయనతో కాగితం మీద లెక్క వేయించాను. ఆయన 10 హార్స్‌పవర్ డీజిల్ నిండు లోడు మీద గంటకు రెండు, రెండున్నర లీటర్లు తాగుతుంది. కొనాలనుకున్న 15 హార్స్‌పవర్ పెట్రోలు మోటారు పూర్తి వేగంలో అయిదారు లీటర్లు తాగుతుంది. ఆయన తిప్పేది రోజుకు ఆరు గంటలు, అదీ లోతు నీళ్లలో. "మరి ఎందుకు మార్చాలనుకున్నారు?" అని అడిగితే, గ్లాండు దగ్గర, అంటే షాఫ్టు బోటులోంచి బయటికి వెళ్లే చోట నీళ్లు ఆపే బిగింపు దగ్గర, నీళ్లు కారుతున్నాయన్నాడు. ఆ రోజు నాకు గిట్టింది గ్లాండ్ ప్యాకింగ్ మార్చిన కూలి, సంచిలో రెండు కిలోల బొచ్చె చేప.