రంగు వెనక్కి జరిగే చోటు

డెంటింగ్ షెడ్డులో మా బైకు ట్యాంకుకు రంగు వేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. స్ప్రే గన్ నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి ట్యాంకు అద్దంలా మెరిసింది. నిమిషం తిరక్కుండానే ఆ మెరుపులో ఆవగింజంత, పెసరగింజంత గుంటలు లేచాయి. ఒక్కో గుంట చుట్టూ సన్నని గట్టు, నడుమ కింది ప్రైమరు. పెయింటరు గన్ పక్కన పెట్టేసి, "ఫిష్ ఐ వచ్చింది సార్, మొత్తం తీసేసి మళ్ళీ వెయ్యాలి" అన్నాడు. ట్యాంకు మీద ఒక్క మరక లేదు, తుడిచింది కూడా నా కళ్ళముందే. మరి రంగు అక్కడ ఎందుకు నిలవలేదు?

జవాబు వంటింట్లో దొరుకుతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన మిరియాల పొడి చల్లి, సబ్బు అంటిన వేలు మధ్యలో ముంచండి. పొడి ఒక్క ఉదుటున అంచులకు పారిపోతుంది. సబ్బు దాన్ని తోసిందనుకుంటాం. నిజానికి సబ్బు తగిలిన చోట నీటి తలతన్యత, అంటే పైపొరను బిగించి లాగే బలం, పడిపోతుంది, చుట్టూ ఉన్న నీటికి లాగే బలం ఎక్కువ కాబట్టి అది పైపొరను తనవైపు లాక్కుపోతుంది. ఇటలీ శాస్త్రవేత్త కార్లో మారంగోని 1865లో తన పరిశోధన వ్యాసంలో చర్చించిన ఈ ప్రవాహానికి ఆయన పేరే నిలిచింది.

ట్యాంకు మీద జరిగిందీ అదే. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, సిలికోన్ నూనెది సుమారు 21. పెయింట్లు చాలావరకు ఈ రెంటి నడుమ, సిలికోన్‌కు దగ్గరగా ఉంటాయి, కానీ దానికంటే పైనే. కంటికి ఆనని సిలికోన్ చుక్క ఒకటి ఉంటే చాలు, చుట్టూ ఉన్న రంగు అక్కడి రంగును లాగేసుకుంటుంది. ఆ లాగుడుకే గుంట, గట్టు. డాష్‌బోర్డుకు, టైర్లకు రాసే పాలిష్‌లో, హెయిర్ సీరంలో సిలికోన్ ఉంటుంది. అందుకే కార్ల కర్మాగారాల్లో పెయింట్ షాపులోకి వెళ్ళేవాళ్ళు కొన్ని డియోడరెంట్లు, క్రీములు వాడకూడదని నియమాలు పెడతారు. కంప్రెసర్ గాలితో వచ్చే నూనె తుంపర కూడా ఇలాంటి గుంటలే పెడుతుంది, దానికి గాలి గొట్టంలో ఫిల్టరు ఉండాలి.

ఇక్కడ పనుల వరస చాలా ముఖ్యం. ముందు తుడవాలి, తర్వాతే ఎమరీ కాగితం పట్టాలి. వరస తిరగబడితే నూనెను గీతల్లోకి మనమే రుద్దినట్టవుతుంది. తుడవడానికి రెండు గుడ్డలు కావాలి, ఒకటి సాల్వెంటుతో తడిపినది, రెండోది పొడిది. సాల్వెంటు ఆరకముందే పొడిగుడ్డతో ఎత్తెయ్యాలి. ఆరనిస్తే నూనె ఎక్కడికీ పోదు, ఇంకాస్త పలచగా పరచుకుంటుంది. గుంటలు పడకుండా రంగులోనే కలిపే చుక్కల మందు ఒకటుంది. అదీ ఎక్కువగా సిలికోనే, మొత్తం రంగు తలతన్యతను దించి తేడా లేకుండా చేస్తుంది. నేనైతే దాన్ని చివరి దిక్కుగానే చూస్తాను. ఆ తుంపర షెడ్డులో పక్కనున్న బండి మీద వాలితే జబ్బు దానికి అంటుకుంటుంది.

నారింజ తొక్కలా గరుకుగా తేలే రంగు కథ వేరు. గన్ నుంచి పడిన చుక్కలు కలిసిపోయి చదును కాకముందే చిక్కబడితే ఆ ముద్ర మిగిలిపోతుంది. ఇక్కడ మందానిదే పెత్తనం. పొర మందం రెట్టింపైతే చదునయ్యే వేగం ఎనిమిది రెట్లవుతుంది. అలాగని మందంగా కొడితే, నిలువు గోడ మీద కిందికి జారే రంగు పరిమాణమూ ఎనిమిది రెట్లే పెరుగుతుంది, కారిన చారలు పడతాయి. రెంటినీ ఒకే లెక్క శాసిస్తోంది కాబట్టి మధ్యలో మిగిలే దారి ఇరుకు. మంచి పెయింటరు పనితనం ఆ ఇరుకులోనే తెలుస్తుంది. థిన్నర్ పాళ్ళు, కోటుకూ కోటుకూ మధ్య విరామం ఆ దారిని కాస్త వెడల్పు చేస్తాయి.

నూనె తర్వాత కంటికి కనపడని రెండో శత్రువు తేమ. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున మంచు బిందువు, అంటే గాలిలోని తేమ నీరుగా దిగే ఉష్ణోగ్రత, 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇనుము ఉష్ణోగ్రత దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే రంగు వెయ్యాలన్నది పరిశ్రమల్లో పాటించే నియమం. అంటే 29 దాటాలి. రాత్రంతా ఆకాశం కింద చల్లబడిన ఉక్కు పొద్దున్నే గాలికంటే చల్లగా ఉంటుంది, చెయ్యి పెడితే పొడిగానే అనిపించవచ్చు. అందుకే థర్మామీటరు గాలికే కాదు, ఇనుముకూ పెట్టాలి. ముసురు పట్టిన రోజు లక్కర్ అనే మెరుపు పూత కొడితే కలప మీద పాలు ఒలికినట్టు తెల్లబడేది కూడా తేమవల్లే: థిన్నర్ ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని నీరు దిగుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడితే చాలావరకు తప్పుతుంది.

మూడోది ఉప్పు. విశాఖ, కాకినాడ లాంటి తీరాల్లో గాలే దాన్ని మోసుకొస్తుంది. రంగు వేసిన రోజున దాని జాడ తెలియదు. తర్వాత పొర కింది ఉప్పు ఆస్మాసిస్ వల్ల పొరగుండానే నీటిని లోపలికి లాక్కుంటుంది, నెలలు గడిచాక పొక్కులు లేస్తాయి. గరుకు రేణువులను గాలితో వేగంగా కొట్టే గ్రిట్ బ్లాస్టింగ్ తుప్పును తీసేసినా, తుప్పు తిన్న సన్నని గుంటల్లో ఉప్పు మిగిలిపోతుంది. దాన్ని వదిలించేది మంచినీళ్ళే: బ్లాస్టింగుకు ముందే ఉక్కును బాగా కడగాలి, తర్వాత ఉప్పు పరీక్ష చేసి, ఇంకా ఉందని తేలితే మళ్ళీ కడిగి, మళ్ళీ బ్లాస్టింగ్ చేయాలి.