జెర్రిపోతుల్లో ఆడవి లేవా?

వరంగల్, జనగామ, ములుగు వైపు పల్లెల్లో పెద్దవాళ్లను కదిలిస్తే ఒక మాట వినిపిస్తుంది: నాగుపాము ఆడది, జెర్రిపోతు మగది, అవి రెండూ జోడీ. అందుకే జెర్రిపోతు తిరిగిన చోటికి నాగుపాము కూడా వస్తుందని భయం. నాగుపాము కనిపిస్తే దండం పెట్టి దారి వదిలే మనిషి కూడా జెర్రిపోతును చూడగానే కట్టె కోసం వెతుకుతాడు. నాగుల పంచమి నాడు పుట్టలో పోసే పాలు నాగన్నకే, దీనికి మాత్రం దెబ్బలే. చుక్క విషం లేని పాముకు ఈ గతి పట్టడానికి దాని పేరు కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దున్నపోతు, మేకపోతు అన్నప్పుడు 'పోతు' అంటే మగదనే. కాయ కాయని మగ తాడిచెట్టు పోతుతాడు. ఈ మాటలు వింటూ పెరిగినవాళ్లకు జెర్రిపోతు కూడా మగదే అనిపించడంలో వింతేమీ లేదు. కానీ తిండిపోతు, సోమరిపోతు, పిరికిపోతు అనే మాటలు ఆడవాళ్ల గురించి కూడా వాడతాం కదా! జెర్రిపోతు కూడా ఒక జాతి మొత్తానికి పెట్టిన పేరే. అందులో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. అన్ని కాళ్లున్న జెర్రికీ దీనికీ చుట్టరికం కూడా లేదు.

అలాగని నేరమంతా పేరు మీదికి నెట్టలేం. దీన్ని తమిళులు సారై అంటారు, మలయాళీలు చేర అంటారు. ఆ పేర్లలో మగ గుర్తేమీ లేదు, అయినా ఇది నాగుపాముకు మొగుడనే నమ్మకం అక్కడా ఉంది. అంటే జనం కళ్లారా చూసినదేదో ఈ కథ వెనక ఉండాలి.

ఆ చూసింది సయ్యాట. పొలం గట్టు మీద రెండు పెద్ద పాములు పెనవేసుకుని, తలలు పైకి లేపి, చాలాసేపు అలా ఊగుతుంటాయి. వాటి మీద కొత్త బట్ట వేసి, ఆ బట్టను ఇంట్లో దాచుకుంటే కలిసొస్తుందని నమ్మేవాళ్లున్నారు. నిజానికి చాలాసార్లు అది రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. ఒకదాని తలను మరొకటి నేలకు వంచాలని చూస్తుంది. కాటు ఉండదు, నెట్టుకోవడమే. ఓడింది జారుకుంటుంది. జెర్రిపోతుల రంగు ఒక్కతీరుగా ఉండదు. ఒకటి లేత పసుపు, ఇంకోటి ముదురు గోధుమ, మరోటి దాదాపు నలుపు. పెనవేసుకున్న రెంటిలో ఒకటి తేటగా, ఒకటి నల్లగా కనిపిస్తే, దూరం నుంచి చూసినవాళ్లు ఒకటి నాగు, రెండోది జెర్రిపోతు అనుకోవడం సహజమే.

శాస్త్రం లెక్కలో ఈ రెండూ వేర్వేరు కుటుంబాలవి. నాగుపాముది ఎలాపిడే, జెర్రిపోతుది కొల్యుబ్రిడే. వాటి మధ్య సంతానం కుదరదు. ఆడ జెర్రిపోతు మగ జెర్రిపోతుతోనే జతకట్టి, గుడ్లు పెడుతుంది.

పేరు విషయంలో శాస్త్రవేత్తలు కూడా దీనికి న్యాయం చేయలేదు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని వర్ణించి 'మ్యుకోసస్' అన్నాడు, అంటే జిగటగా ఉండేది అని. పాము చర్మం పొడిగా ఉంటుంది, జిగట ఎక్కడిది? ఇప్పటి శాస్త్రీయ నామం ప్ట్యాస్ మ్యుకోసా. అందులో 'ప్ట్యాస్' అంటే గ్రీకులో ఉమ్మేది, మనుషుల కళ్లలోకి విషం చిమ్ముతుందని పాతకాలం వాళ్లు నమ్మిన పాము. చిమ్మడానికి దీని దగ్గర విషమే లేదు! విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ మాత్రం స్థానికులను అడిగి తెలుసుకున్న తెలుగు పేర్లతోనే 1796లో పాముల గ్రంథం అచ్చువేయించాడు. కట్లపాముల ప్రజాతికి ఇప్పటికీ ఉన్న 'బంగారస్' అనే పేరు మన 'బంగారం' నుంచి వెళ్లిందే.

రైతుకు దీనితో ఉన్న లాభం చిన్నది కాదు. పొలం ఎలుకలు వరి వెన్నులు కొరికి బొరియల్లో దాచుకుంటాయి. జెర్రిపోతు పగలు వేటాడే పాము. నేరుగా బొరియలోకే దూరి పిల్లలతో సహా తినగలదు. విషం లేదు కాబట్టి పట్టిన ఎలుకను ఒంటి బరువుతో నేలకు అదిమి మింగుతుంది. వడ్లు ఆరబోసిన కల్లం దగ్గర, గడ్డివాము కింద ఇది కనిపించిందంటే అక్కడ ఎలుకలున్నాయనే. దీన్ని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

గుర్తుపట్టడానికి ముఖం చూడాలి. కన్ను పెద్దది, కనుపాప గుండ్రన. పెదవి పొలుసుల అంచుల్లో కాటుకతో గీసినట్టు నల్లటి నిలువు గీతలుంటాయి. ఒంటి వెనక భాగంలో, తోక మీద నల్లటి అడ్డపట్టీలుంటాయి. ఆరేడు అడుగుల పాము, పడగ ఉండదు. మూలకు తరిమితే మెడ ఉబ్బించి గుర్రుమంటుంది, కాటుకు కూడా వస్తుంది. ఆ టెన్షన్‌లో దాన్ని నాగుపామే అనుకునేవాళ్లు ఎక్కువ. తోకతో కొడితే చెయ్యి పడిపోతుందనేది, ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందనేది రెండూ అబద్ధాలే. దాని నోటికి పాలు పీల్చే వీలే లేదు.

అయితే చీకట్లో, మోటరు వేయడానికి బాయికాడికి పోయినప్పుడు, ఈ గుర్తులన్నీ చూసే తీరిక ఎవరికీ ఉండదు. పైగా మన దగ్గర పాము పేరెత్తడానికే జంకుతారు, కరిస్తే 'పురుగు ముట్టింది' అంటారు. కరిచింది ఏ పామో తెలియకపోతే విషపుదే అనుకుని కదలాలి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, కాలు కదపకుండా నేరుగా దవాఖానకు తీసుకుపోవాలి. పాము పేరు చెప్పలేకపోయినా వైద్యం ఆగదు. కొద్దిగా రక్తం గాజు గొట్టంలో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూస్తారు. కనురెప్పలు వాలిపోతున్నాయేమో గమనిస్తారు. మన దేశంలో వాడే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసేదే. కనీసం 24 గంటలు ఉంచుకుని చూసినా ఏ లక్షణమూ లేకపోతే, గాయం శుభ్రం చేసి టీటీ ఇంజక్షన్ వేసి ఇంటికి పంపిస్తారు.