రైలు కోసం అర్జీ రాసిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు రాసిన అర్జీ చదివాను. చేతిరాత ముత్యాల్లా ఉంది, సంతకాలు నాలుగు వందల పైచిలుకు. అయినా ఇలాగే పంపితే పని జరగదు. "మా ఊళ్లో ఎక్స్‌ప్రెస్ ఆపి మా ఇబ్బందులు తీర్చగలరు" అని రాశారే గానీ ఏ బండి, ఎటు వెళ్లేది, ఎంతమంది ఎక్కుతారు అన్నది ఎక్కడా లేదు. సంతకాలు అయిదు వేలున్నా అంకెలు లేని కాగితాన్ని రైల్వే డివిజన్ ఆఫీసులో ఫైల్లో పెట్టేస్తారు.

ముందు బండి నంబరు రాయండి. ఒకే పేరుతో రెండు మూడు బళ్లుంటాయి, అయిదంకెల నంబరు మాత్రం ఒక్కదానిదే. మొదటి అంకెతోనే బండి రకం తెలిసిపోతుంది. 1, 2తో మొదలైతే దూరప్రాంతపు బండి. 5 అయితే మామూలు పాసింజరు, 6 మెమూ (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి), 7 డెమూ (అలాంటిదే డీజిల్ బండి), 0 స్పెషల్. వెళ్లే బండికి ఒక నంబరు, తిరిగొచ్చేదానికి ఇంకో నంబరు. మీరు పొద్దున వెళ్లేదాన్నే అడిగారు. సాయంత్రం ఇంటికి చేర్చే బండి లేకపోతే పొద్దున ఎవరెక్కుతారు?

నన్నడిగితే అసలు ఎక్స్‌ప్రెస్ మోజే కాస్త తగ్గించుకోండి. ఎక్స్‌ప్రెస్ ఆగినా మీకు దక్కేది కిక్కిరిసిన జనరల్ బోగీలో నిలబడే చోటు. కనీస ఛార్జీ 30 రూపాయలు. మెమూలో అది 10 రూపాయలే. కరోనాలో ఆగిన పాసింజర్లు మళ్లీ పట్టాలెక్కినప్పుడు అదే బండికి, అదే బోగీకి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టి 30 రూపాయలు తీసుకున్నారు. పాత ఛార్జీ తిరిగొచ్చింది 2024 ఫిబ్రవరి చివర్లో. రోజూ కూలికి, కాలేజీకి వెళ్లే మనిషికి ఆ 20 రూపాయల తేడా రాకపోకలకు 40 అవుతుంది. అందుకే ఇప్పుడున్న మెమూని మీ కాలేజీ గంటకు సరిపడేలా అరగంట ముందుకు జరపమనడం, నా లెక్కలో, ఎక్స్‌ప్రెస్ స్టాపింగ్ కన్నా మంచి కోరిక.

అదీ తేలిక కాదు. ఆ మెమూ రేకు, అంటే ఆ బోగీల వరస, మిమ్మల్ని దింపి ఊరికే నిలబడదు. అవతలి స్టేషన్ నుంచి ఇంకో నంబరుతో మరో ఊరికి బయల్దేరుతుంది. దీన్ని లింక్ అంటారు. ఇక్కడ అరగంట జరిపితే అక్కడా జరపాలి, లేదా అక్కడ ఆగే సమయం తగ్గించాలి. ఆ రేకు రోజంతా ఎక్కడెక్కడ తిరుగుతుందో టైంటేబుల్లో చూసి, "అవతలి స్టేషన్‌లో ఇది యాభై నిమిషాలు ఖాళీగా ఉంటోంది, అందులోంచి ముప్ఫై నిమిషాలు తీసుకోవచ్చు" అని రాయగలిగితే మీ అర్జీని ఆపరేటింగ్ విభాగంవాళ్లు పక్కన పెట్టలేరు.

ఇక లెక్క. వరసగా ఏడు రోజులు ఉండాలి, అందులో సంత జరిగే రోజు కూడా రావాలి. పండుగ, జాతర, ముహూర్తాలు ఉన్న వారం వద్దు. సంక్రాంతి వారంలో లెక్కపెట్టి మూడు వందలమంది అని రాశారనుకోండి, కమర్షియల్ ఇన్‌స్పెక్టరు ఓ మామూలు మంగళవారం వచ్చి ముప్ఫైమందిని చూసి వెళతాడు. ఆపైన మీ కాగితంలో ఉన్న నిజాన్నీ నమ్మరు. ప్లాట్‌ఫాం మీద ఇద్దరు చాలు, చెరో కొసన ఒకరు. సీజన్ టికెట్ లేకపోతే ప్లాట్‌ఫాం టికెట్ కొనండి. 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. పట్టాలు దాటి అటు పక్కకు వెళ్లి లెక్కపెట్టొద్దు. కాగితం మీద తేదీ, బండి నంబరు, రావలసిన టైము, వచ్చిన టైము, ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు అని ఆరు గళ్లు గీయండి. పక్కన ఇంకో గడి కూడా కావాలి: ఎక్కలేక మిగిలిపోయినవాళ్లు. దీన్ని చాలామంది మరిచిపోతారు. జనరల్ బోగీలు చాలడం లేదని చూపించేది అదొక్కటే.

ఇప్పుడు మీ ఊళ్లో ఆగని బండి కోసం లెక్క వేరేచోట తీయాలి. ఆటో స్టాండు దగ్గర నిలబడి, జంక్షన్‌కు వెళ్లి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లను అడగండి: ఏ ఊరికి, వారానికి ఎన్నిసార్లు, ఆటోకి ఎంత. ఇక్కడ ఒక చిక్కుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. దగ్గరి ఊళ్లకు రైలెక్కే ఆడవాళ్లు తగ్గి ఉంటే దాన్ని దాచకండి. దూరం వెళ్లేవాళ్ల లెక్క విడిగా చూపించండి.

మీ లెక్క ఎంత బాగున్నా రైల్వే నమ్మేది తాను అమ్మిన టికెట్లను. మీ ఊరివాళ్లు ఆటోలో జంక్షన్‌కు వెళ్లి అక్కడే టికెట్ కొంటే ఆ రాబడి జంక్షన్ ఖాతాలో పడుతుంది, మీ స్టేషన్ సున్నాగానే ఉంటుంది. టికెట్ లేకుండా ఎక్కేవాడైతే ఊరికి రావలసిన బండిని తనే ఆపుతున్నాడు. ఫోన్లో తీసుకున్నా "ఎక్కడి నుంచి" అన్నచోట మీ ఊరే పెట్టండి. అన్నట్టు, ఆడపిల్లలకు డిగ్రీ వరకు, మగపిల్లలకు ఇంటర్ వరకు ఇంటినుంచి చదువుకునే చోటికి రెండో తరగతి నెల సీజన్ టికెట్ ఉచితం. బడి సర్టిఫికెట్ తీసుకెళ్లి కౌంటర్‌లో అడగండి.

కాగితం ఎవరికి ఇవ్వాలి? స్టేషన్ మాస్టరు చేతిలో ఉండేవి నీళ్లు, లైట్లు, శుభ్రత. స్టాపింగ్ ఆయన ఇవ్వలేడు, ఆయన మీద అరిచి లాభం లేదు. మీ అర్జీ డివిజన్ పెద్ద అయిన డీఆర్‌ఎంకు (డివిజనల్ రైల్వే మేనేజర్) వెళ్లాలి. నకళ్లు సీనియర్ డీసీఎంకు (కమర్షియల్ మేనేజర్), సీనియర్ డీఓఎంకు (ఆపరేషన్స్ మేనేజర్). మొదటాయన టికెట్ల లెక్క చూస్తాడు, రెండో ఆయన బళ్ల నడక చూస్తాడు. ఎక్స్‌ప్రెస్ స్టాపింగ్ అయితే డివిజన్ నుంచి జోన్‌కు, అక్కడి నుంచి ఢిల్లీలో రైల్వే బోర్డుకు వెళ్లాలి. డివిజన్ పేరు ముందు సరిచూసుకోండి, రాష్ట్రం హద్దులు రైల్వేకు పట్టవు. ఆదిలాబాద్ తెలంగాణలో ఉన్నా డివిజన్ నాందేడ్. డివిజన్‌కు, జోన్‌కు ప్రయాణికుల సలహా సంఘాలు కూడా ఉంటాయి. డివిజన్ సంఘంలో మీ ప్రాంతపు సభ్యుడెవరో కనుక్కుని సమావేశానికి ముందే కాగితం చేర్చండి. ఎంపీగారికి ఇచ్చేటప్పుడు ఒక ఉత్తరంలో ఒకే కోరిక ఉంచండి. పది కోరికలు రాస్తే అందులో తేలికైనది, ఏ బెంచీయో ఫ్యానో, ఇచ్చి మిగతావి మరిచిపోతారు.

"కాదు" అనే జవాబు రెండు రకాలుగా వస్తుంది. కమర్షియల్‌గా గిట్టదంటే టికెట్లు చాలలేదని అర్థం, దానికి జవాబు లెక్కే. ఆపరేషన్‌కు కుదరదంటే వేరే విషయం. రెండు నిమిషాల స్టాపింగ్‌కు రెండు నిమిషాలే పోవు. గంటకు 110 కిలోమీటర్లతో వచ్చే బండి వేగం తగ్గి, ఆగి, మళ్లీ ఆ వేగం అందుకునేసరికి నాలుగైదు నిమిషాలు పోతాయి. మీ ప్లాట్‌ఫాం మెయిన్ లైను పక్కన ఉందో, లూప్ లైను (మెయిన్ లైను నుంచి చీలి మళ్లీ అందులోనే కలిసే పక్క లైను) పక్కన ఉందో చూశారా? లూప్ అయితే బండి దారి మళ్లాలి. అక్కడ సాధారణంగా 30 కిలోమీటర్లకు మించి వెళ్లకూడదు, ఆలస్యం ఇంకా పెరుగుతుంది. పొడవు కూడా చూసుకోండి. బోగీ ఒక్కొక్కటి 22 నుంచి 24 మీటర్లు. 24 బోగీల బండికి అర కిలోమీటరు పైగా ప్లాట్‌ఫాం కావాలి, ఎనిమిది బోగీల మెమూకి రెండు వందల మీటర్లు చాలు. ఇవేవీ తెలియకుండా పోట్లాడితే మొదటి ప్రశ్నకే నోరు మూతపడుతుంది.

జవాబే రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మీ ఇంట్లో పెద్దవాళ్ల పేరున వేయించండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. "ఎందుకు ఆపడం లేదు?" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. రికార్డు అడగండి: గత 12 నెలల్లో మా స్టేషన్‌లో నెలవారీగా అమ్మిన టికెట్లు, రాబడి, ఫలానా నంబరు బండి రద్దయిన తేదీలు, మా అర్జీ మీద అధికారులు రాసిన నోట్ నకలు. ఆ చివరిది వచ్చిందంటే ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

కొత్త లైన్లకయితే ఓపిక ఇంకా కావాలి. కోనసీమ సంగతి చూడండి. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి పట్టాలను యుద్ధం కోసం 1940లో పీకేశారు. మళ్లీ రైలు వచ్చింది 2004లో. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్లు 2000–01లో మంజూరయ్యాయి, కానీ గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద వంతెనలు కట్టాలి, డబ్బేమో ఏటా కొంచెం కొంచెంగా వచ్చింది. మంజూరు అన్న మాట విని మిఠాయిలు పంచకండి. బడ్జెట్ తర్వాత రైల్వే పింక్ బుక్ (ఏ పనికి ఎంత డబ్బిచ్చారో చెప్పే పుస్తకం) వస్తుంది, అందులో మీ లైను ఎదురుగా ఎంత రాశారో చూడండి. కొన్ని పనుల ఎదురుగా వెయ్యి రూపాయలే ఉంటుంది. పని రద్దు కాలేదని చెప్పడానికే ఆ వెయ్యి.

మీలో ఒకరు రైల్ రోకో చేద్దామని రాశారు. రైల్వే చట్టం 174వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆగిపోయే బండిలో ఆస్పత్రికి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఆ మాట అర్జీలోంచి కొట్టేయండి.

స్టాపింగ్ వస్తే మొదట ఆరు నెలలకు, ప్రయోగాత్మకంగా ఇవ్వడం మామూలు. మొదటి రోజు దండలు, కొబ్బరికాయలు, ఎంపీగారి జెండా అన్నీ ఉంటాయి. రెండో నెలకు జనం పలచబడతారు. గడువు తేదీని బడి గోడ క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని నాలుగో నెలాఖరులో మళ్లీ ఏడు రోజుల లెక్క తీయండి. టికెట్లు తగ్గి ఉంటే ఏ రోజుల్లో తగ్గాయో చూసి ఊళ్లో చెప్పడానికి అప్పటికి ఇంకా రెండు నెలలుంటాయి. ఇప్పటికి మాత్రం గళ్ల కాగితం ఒకటి గీసి పంపండి, సరిచేసి ఇస్తాను.

మీ తాతయ్య