గాలిలో వంతులు

వైజాగ్ పెదవాల్తేరులో మా పిన్ని వాళ్లిల్లు బీచ్‌కి బాగా దగ్గర, పాతకాలం ఇల్లు, గోడలు మందం. సాయంత్రం ఏడయ్యేసరికి అక్కడ రోజూ ఒకటే గొడవ. హాల్లో టీవీలో సీరియల్, లోపల గదిలో చెల్లి ఆన్‌లైన్ క్లాసు, పై పోర్షన్‌లో అద్దెకున్న కుర్రాళ్లదీ అదే వైఫై, సరిగ్గా చెల్లి మాట్లాడాల్సిన టైంకి వీడియో స్టక్ అయిపోతుంది. "ఏట్రా ఇది, నెలనెలా డబ్బులు కడుతున్నాం కదా" అని పిన్ని ఫోన్. 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 100 చేయించారు, అదీ సరిపోలేదని 200 చేయించారు, ఇసుమంత తేడా లేదు. ఎందుకు రాలేదో చెబుదామనే ఇది రాస్తున్నా, ఎందుకంటే చాలా ఇళ్లల్లో ఇదే జరుగుతోంది, డబ్బులూ పోతున్నాయి, పిల్లల క్లాసులూ పోతున్నాయి.

నెట్ అనగానే అందరం స్పీడెంత అని అడుగుతాం. ఆ దారిలో ఎంతమంది ఉన్నారు, ఎవరి వంతు ఎప్పుడు వస్తుంది అని మాత్రం అడగం. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే బోట్లలో వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్లు కనిపిస్తాయి, వాటిలో ఒక ఛానెల్ మీద ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతుంటే మిగతా బోట్లవాళ్లు విని ఊరుకోవాల్సిందే, ఇద్దరు ఒకేసారి నొక్కారంటే బరబరమని చప్పుడు తప్ప ఏ ఒక్కరి మాటా సరిగ్గా తెలీదు. మనింట్లో వైఫై పనిచేసేదీ అచ్చం ఇలాగే. గాలి ఒక్కటే, అందులో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి.

ఈ వంతుల గొడవని మొదట గట్టిగా ఎదుర్కొన్నది హవాయి యూనివర్సిటీ వాళ్లు. దీవుల మధ్య తీగలు వేయడం కష్టం కాబట్టి నార్మన్ అబ్రమ్సన్ బృందం 1971లో కంప్యూటర్లని రేడియోతో కలిపింది, దాని పేరు అలోహానెట్. వాళ్లు పెట్టుకున్న రూల్ చాలా సింపుల్. పంపాల్సింది ఉంటే పంపెయ్, అందిందని అట్నుంచి జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ పంపు. ఎంతసేపు ఆగాలన్నది లాటరీ తీసినట్టు ఎవరికి వాళ్లకి వేరేగా ఉండాలి, లేకపోతే గుద్దుకున్న ఇద్దరూ ఒకే టైం ఆగి మళ్లీ గుద్దుకుంటారు కదా. ఇంత బాగా ఆలోచించినా లెక్కేస్తే ఛానెల్‌లో మహా అయితే 18 శాతమే పనికొస్తుంది, మిగతాదంతా ఖాళీగా ఉండడానికీ గుద్దుకోవడానికీ పోతుంది. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈ పద్ధతినే పట్టుకుని, ముందు విను, ఎవరూ మాట్లాడకపోతేనే మొదలుపెట్టు, మాట్లాడుతూ కూడా వింటూ ఉండు, గుద్దుకుంటే వెంటనే ఆపెయ్ అని చేర్చాడు. అదే ఈథర్‌నెట్. కేబుల్‌లో ఇది కుదిరింది, వైఫైలో ఆ ఆఖరి ముక్క కుదరదు, ఎందుకంటే తను పంపే సిగ్నల్ హోరులో పక్కవాళ్ల సన్నటి సిగ్నల్ వినపడదు. అందుకే వైఫై గుద్దుకోకుండా ఉండడానికే ముందు నుంచీ ఆగి ఆగి వెళ్తుంది, ప్రతి ప్యాకెట్‌కీ అందిందన్న జవాబు కోసం చూస్తుంది.

ప్యాకెట్ అంటే ఏంటో కూడా చెప్పేస్తా. ఫోటో అయినా సినిమా అయినా నెట్ మీద ముక్కలుగానే వెళ్తుంది, ఒక్కో ముక్క మామూలుగా 1500 బైట్లు దాటదు, అంటే మీరు పంపిన 3 ఎంబీ ఫోటో ఇంచుమించు 2000 ముక్కలు. ఒక్కో ముక్క మీదా అడ్రస్ ఉంటుంది, ఒక్కోదానికీ వంతు కావాలి.

ఇప్పుడు పిన్ని వాళ్లింటికొద్దాం. రౌటర్ వరండాలో, టీవీ దానికి రెండు గోడల అవతల. సిగ్నల్ బలహీనంగా ఉంటే వైఫై స్పీడ్ తగ్గించి పంపుతుంది, చెవుడున్న తాతగారితో ఒక్కో మాటా విడదీసి నిదానంగా చెప్తాం చూడండి, అలా. దానివల్ల దగ్గరున్న ఫోన్‌కి రెప్పపాటులో అయిపోయే ముక్కే టీవీకి పదింతలు టైం తింటుంది, అంతసేపూ మిగతావాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలి. టీవీ ఏమో గంటల తరబడి వీడియో లాగుతూనే ఉంటుంది. దూరాన ఉన్న ఒక్క పరికరం ఇల్లంతటినీ నెమ్మది చేస్తుందన్నమాట. వీధిలోంచి ఇంటికొచ్చే దారిని 200 చేసినా 2000 చేసినా ఇంట్లో గాలి మారదు. పైగా ఆ వరండాలో నిలబడి నా ఫోన్‌లో చూస్తే పక్కిళ్లవి కలిపి 23 వైఫై పేర్లు కనపడ్డాయి. వైఫై వాడే రేడియో పట్టీల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి మూడే ఛానెళ్లు, 1, 6, 11. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువే గానీ అది మందపాటి గోడల దగ్గరే నీరసపడిపోతుంది.

అందుకని ఆదివారం పూట టీవీకి కేబుల్ వేశాను. ఎప్పుడో వేసిన పాత కేబుల్ ఒకటి గోడమ్మటే ఉంది, పట్టుకుని చూస్తే కనెక్టర్ లోపల పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము, మన ఉప్పుగాలి పనే అది. ఆ ముక్క కోసేసి పైతొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలు, రెండేసి చొప్పున జడలా మెలిపెట్టి నాలుగు జతలు. విప్పి సాఫుగా చేసి తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్ అని వరస పెట్టి, కొనలు సమంగా కత్తిరించి, కొత్త కనెక్టర్‌లోకి దూర్చి క్రింపింగ్ టూల్‌తో నొక్కితే కటుక్కుమంది. ఆ మెలికలు ఊరికే పెట్టలేదండీ. పక్కనున్న కరెంటు వైరు నుంచో ఫ్యాను నుంచో వచ్చే అలజడి మెలిపెట్టిన రెండు తీగల మీదా సమానంగా పడుతుంది, అవతలి చిప్ రెండింటి మధ్య తేడానే చదువుతుంది కాబట్టి అలజడి దానంతటదే కొట్టుకుపోతుంది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు, మనం ఇప్పటికీ అదే వాడుతున్నాం, నాకైతే ఎన్నిసార్లు ఒలిచి చూసినా ముచ్చటగానే ఉంటుంది. ఇలాంటి కేబుల్ 100 మీటర్ల దాకా వేసుకోవచ్చు. రౌటర్ వెనక ప్రతి పోర్టూ వేరే దారి, రావడం పోవడం ఒకేసారి జరుగుతాయి, వంతు కోసం కాచుకోవడం ఉండదు.

టీవీ గాలిలోంచి తప్పుకుంది, ఆ సాయంత్రమే చెల్లి క్లాసు ఆగకుండా నడిచింది. ప్లాన్ మళ్లీ 100కి తగ్గించేశారు. ఇంట్లో కదలని వస్తువు ఏదైనా, టీవీ, డెస్క్‌టాప్, సీసీ కెమెరా రికార్డర్, వైరు మీదే ఉండాలని నేను గట్టిగా నమ్ముతా, గాలి చేతిలో తిరిగే ఫోన్లకి వదిలేయాలి.

ఇక ఇంటి బయట. స్తంభం మీంచి వచ్చే సన్నటి ఫైబర్‌లో వెలుగు వెళ్లే గాజు దారి వెంట్రుకకన్నా సన్నం, 9 మైక్రాన్లు. అందులో కంటికి కనపడని వెలుగు ఒక రంగులో వస్తుంది, ఇంకో రంగులో పోతుంది. వీధిలో స్ప్లిటర్ పెట్టి ఒకే ఫైబర్‌ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, అక్కడా వంతులే, కాకపోతే ఏ ఇల్లు ఏ క్షణాన పంపాలో అవతలి ఆఫీసులో మెషినే టైం ఇస్తుంది కాబట్టి గుద్దుకోవడాలుండవు. గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, చెన్నై దాకా వెళ్లడానికి 4, 5 మిల్లీసెకన్లు చాలు. మొబైల్ డేటా కూడా టవర్ దాకానే గాలి, చాలా టవర్ల కిందనుంచి మళ్లీ ఫైబరే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో ఉన్నవాళ్లకి ఇది అనుభవమే. స్తంభాలు పడిపోయాయి, కరెంటు పోయింది, ఊళ్లో చాలాచోట్ల ఫోన్లు మూగబోయాయి. ఇంటర్నెట్‌లో ఒక దారి తెగితే ప్యాకెట్లు ఇంకో దారి వెతుక్కుంటాయని చదువుకుంటాం, నిజమే, ఊళ్ల మధ్య అలాగే జరుగుతుంది, కానీ స్తంభం నుంచి మనింటికి ఉన్నది ఒక్కటే దారి. అది తెగితే ఫైబర్ డబ్బా మీద ఎర్రలైటు వెలుగుతుంది, ఎల్‌ఓఎస్ అని, అంటే సిగ్నల్ పోయిందని, రాసి ఉంటుంది దాని పక్కన. అది వెలిగితే రౌటర్ ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు, లైన్‌మేన్‌కి ఫోన్ చేయాల్సిందే. ఎర్రలైటు లేదు, కేబుల్ పెట్టి చూస్తే ల్యాప్‌టాప్‌లో నెట్ బాగానే వస్తోంది, అయినా ఫోన్‌లో రావట్లేదంటే మాత్రం గొడవ మనింట్లో గాలిదే. పిన్నికి ఇది నేర్పాను, ఇప్పుడు ఫోన్ చేయగానే ముందు లైటు రంగు చెప్తోంది.