లోకల్: ఆ ఏడేళ్ల లెక్క ఏమైంది?

మెడికల్ కౌన్సెలింగ్ దగ్గర పడితే చాలు, హైదరాబాద్ తల్లిదండ్రులకు ఒకటే టెన్షన్: మా పిల్ల లోకల్ అవుతుందా, కాదా? ఈ లోకల్ గొడవ మీద నడిచిన 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ తవ్వడం లేదు.

లాటిన్‌లో 'లోకస్' అంటే చోటు. 'లోకల్' పుట్టింది అందులోంచే. బేగంబజార్‌లో 'లోకల్ మాల్' అంటే నాసిరకం సరుకు, బస్తీలో 'నేను లోకల్' అంటే నా జోలికి రావద్దని. జీవోల్లో మాత్రం ఆ మాటకు అర్థం తరగతుల లెక్క.

అసలు మలుపు 1974లో ఉంది. నిజాం కాలంలో, 1919 నాటి ముల్కీ (స్థానికుల) నిబంధన పదిహేనేళ్ల నివాసం అడిగేది. దాని స్థానంలో రాజ్యాంగంలోకి 371-డి అధికరణ, దాని కింద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఎక్కడ ఉంటున్నావన్నది వెనక్కి పోయి, ఎక్కడ చదివావన్నది ముందుకొచ్చింది. అర్హత పరీక్షతో, అంటే మెడిసిన్‌కైతే ఇంటర్‌తో, ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివితే లోకల్. 85 శాతం సీట్లు వాళ్లవే. ఆ నాలుగేళ్లు కుదరకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూడాలన్న వెసులుబాటూ అందులోనే ఉంది.

హైదరాబాద్‌ను ఇన్నాళ్లు కాచింది ఈ ఏడేళ్ల వెసులుబాటే. పదో తరగతి దాకా దిల్‌సుఖ్‌నగర్‌లో చదివి, ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో చేరినా ఏడింట ఐదేళ్లు ఇక్కడివే, లోకల్‌కు ఢోకా లేదు. పాత ప్రవేశాల పద్ధతే కొనసాగాలని రాష్ట్ర విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్‌లో తీరింది. జులైలో మెడికల్ సీట్లపై తెలంగాణ ప్రభుత్వ జీవో 33 వచ్చింది, ఏడేళ్ల లెక్క ఎగిరిపోయింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఇక్కడే చదవాలి. అప్పటికే ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు వెనక్కెళ్లి కాలేజీ మార్చుకోలేరు కదా!

ఇక్కడ చదివినవాళ్లే ఇక్కడ వైద్యం చేస్తారన్నది ప్రభుత్వ వాదన. శాశ్వత నివాసులకు ఈ నిబంధన వర్తించదని 2024 సెప్టెంబర్‌లో హైకోర్టు అంది. ఏడాది తిరిగేసరికి సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి నాలుగేళ్ల నిబంధననే నిలబెట్టింది.

రాష్ట్ర ఉద్యోగాలకు మాత్రం 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదువును. కాబట్టి మెడికల్ సీటుకు నాన్‌లోకల్ అయిన దిల్‌సుఖ్‌నగర్ పిల్ల, రేపు గ్రూప్స్ రాస్తే లోకలే.